ఎర్రరు నోరు నొక్కేవాళ్ళకో దండం

మా వృత్తిలో ఒక నాటు వైద్యం ఉంది. "ఫలానా లైబ్రరీ దొరకలేదు" అని ఒక ప్రోగ్రాము మొరాయిస్తుంది. మనవాడు వెంటనే గూగులమ్మనో, ఈమధ్య వచ్చిన చాట్‌బాటునో అడుగుతాడు. ఎవరో ఒకరు "ఆ పేరుతో ఒక సిమ్‌లింకు పెట్టెయ్, పోతుంది" అంటారు. మనవాడు పెట్టేస్తాడు. ఎర్రరు నిజంగానే పోతుంది. టికెట్ మూసేసి, మేనేజరుకి ఒక మెయిలు కొట్టి, టీ తాగడానికి పోతాడు.

నేను ఈ పనిని రిపేరు అనను. ఫోర్జరీ అంటాను. ఇంకొకడి సంతకం మనం పెట్టి చెక్కు మార్చుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. చెక్కు విషయంలో పోలీసులొస్తారు, ఇక్కడ "క్విక్ ఫిక్స్" అని మెచ్చుకుంటారు, అంతే తేడా.

ఒక ఆపరేటింగ్ సిస్టం కోసం కట్టిన ప్రోగ్రాముని ఇంకో ఆపరేటింగ్ సిస్టం మీద నడిపేటప్పుడు ఈ జబ్బు మరీ ముదురుతుంది. ఎందుకంటే అక్కడ తప్పు నెట్టెయ్యడానికి ఒక అనాథ దొరుకుతుంది, దాని పేరు "ఎమ్యులేషన్". ఏం జరిగినా "ఎమ్యులేషన్ కదండీ, ఇలాగే ఉంటుంది" అనేస్తే సరి, ఇంకెవరూ ఏమీ అడగరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మన వృత్తి కానివాళ్ళు కూడా ఇది చదువుతారు కనుక ముందు రెండు ముక్కలు.

పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడుకుంటే ఆయన గరిటె ఒక్కటి పట్టుకుని వస్తాడు. గుండిగలు, కళాయిలు, కొలపాత్రలు మనమే సమకూర్చాలి. ఏమేం కావాలో ముందే ఒక చీటీ రాసిస్తాడు. ప్రోగ్రాము కూడా అంతే. ఫైలు తెరవడం, బొమ్మ గీయడం, లెక్క చెయ్యడం లాంటి పనులకి కావలసిన సామాను తనతో తెచ్చుకోదు. అవి షేర్డ్ లైబ్రరీలనే ఉమ్మడి ఫైళ్ళలో ఉంటాయి, పది ప్రోగ్రాములు వాటినే పంచుకుంటాయి. ప్రోగ్రాము లోపల ఒక చీటీ ఉంటుంది, నాకు ఈ ఈ లైబ్రరీలు కావాలని. లోడరు అనే చిన్న ప్రోగ్రాము ఆ చీటీ పట్టుకుని సామానంతా వెతికి తెచ్చి పెడుతుంది. చీటీలో ఉన్నది దొరక్కపోతే "దొరకలేదు" అని చెప్పి ఆగిపోతుంది. మన కథలో నోరు నొక్కేది ఈ అమాయకపు లోడరుకే.

చీటీలో పేరు చివర ఒక అంకె ఉంటుంది. ఎస్ఓ.5, ఎస్ఓ.6 అని. అసలు గొడవంతా ఈ అంకె దగ్గరే. చాలామంది దాన్ని వెర్షను నంబరనుకుంటారు. "5 లేకపోతే ఏముందిలే, 6 ఉందిగా, అది కొత్తది, ఇంకా మంచిది" అంటారు. కానీ ఆ అంకె అర్థం వేరు. "ఈ అంకె మారనంత కాలం, నన్ను నమ్ముకుని కట్టిన పాత ప్రోగ్రాములు ఉన్నవున్నట్టు నడుస్తాయి" అని లైబ్రరీ రాసినవాడు ఇచ్చిన మాట అది. అంకె మార్చాడంటే, ఆ మాట ఇక్కడితో సరి, కొలతలు మారాయి అని బహిరంగంగా చాటింపు వేసినట్టు.

మన పాత కొలతల్లో తవ్వ అంటే రెండు సోలలు. వంటవాడు చీటీలో సోల అని రాశాడు. సోల దొరకలేదు. మీరు తవ్వ తెచ్చి, దాని మీద సున్నంతో "సోల" అని రాసి ఆయన చేతికిచ్చారు. ఆయన సోలేననుకుని నాలుగు పోశాడు. వంట ఆగిందా? ఆగలేదు. ఎర్రరు వచ్చిందా? రాలేదు. ఉప్పు రెట్టింపు పడిన సంగతి విస్తళ్ళ దగ్గర బయటపడుతుంది. సిమ్‌లింకు అంటే ఆ సున్నపు రాత. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. బొమ్మల్ని చదివే లిబ్‌జేపెగ్ లైబ్రరీనే చూడండి. దాని పాత కొలత 62, తర్వాత వచ్చిన ఒక కొలత 8. 62 అడిగిన ప్రోగ్రాముకి పేరు మార్చి 8 ఇస్తే, లైబ్రరీయే అడ్డం తిరుగుతుంది. "నేను 80ని, నన్ను పిలిచినవాడు 62ని అనుకుంటున్నాడు, ఈ పని నేను చెయ్యను" అనే అర్థం వచ్చే సందేశం ఇచ్చి ఆపేస్తుంది. అంటే లైబ్రరీ రాసినవాళ్ళు గుమ్మంలో ఒక కాపలావాణ్ణి కూర్చోబెట్టుకున్నారన్నమాట. లిబ్‌పీఎన్‌జీ కూడా అలాగే ఒక కాపలా పెట్టుకుంది. ఎవరికోసం పెట్టుకున్నారో వేరే చెప్పాలా!

సీ++ లైబ్రరీలో 5 పోయి 6 వచ్చింది 2004లో, జీసీసీ 3.4తో పాటు. అక్కడ 5 పేరుతో 6ని పెడితే లోడరు లోపలి గుర్తులు కూడా చూసి, "అడిగిన వెర్షను ఇందులో లేదు" అని పట్టేసుకుంటుంది. సంతోషం. కానీ ఇలాంటి కాపలా, ఇలాంటి గుర్తులు లేని లైబ్రరీలు కొల్లలు. అక్కడ దొంగ సంతకం నడిచిపోతుంది. కొన్నాళ్ళు.

ఆ "కొన్నాళ్ళు" గురించే నా బాధంతా.

పాత బైనరీల్లో చాలావాటికి ఒక గుణం ఉంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు లైబ్రరీ ఫైలు ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. అందులోని ఒక్కో ఫంక్షను ఎక్కడుందో, దాన్ని మొదటిసారి పిలిచినప్పుడు వెతుకుతారు. దీన్ని లేజీ బైండింగ్ అంటారు. పేరులోనే బద్ధకం ఉంది, మంచి కారణానికే పెట్టారు, ప్రోగ్రాము త్వరగా మొదలవుతుంది. కానీ దొంగ సంతకంతో కలిస్తే ఇదే కొంప ముంచుతుంది. పొద్దున్న పదింటికి, అందరూ సీట్లలో ఉన్నప్పుడు రావలసిన ఎర్రరు, ఆ ఫంక్షను అవసరం పడే రోజుకి వాయిదా పడుతుంది. ఆ రోజు ఏది? నెలాఖరు. వార్షిక లెక్కల రాత్రి. ఆడిట్ రోజు.

కొన్నేళ్ళ క్రితం నేను కాంట్రాక్టు మీద వెళ్ళిన ఒక కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది (పేరు అనవసరం). వాళ్ళకి పెద్ద గోడౌను ఉంది, అందులో గంటల లెక్కన పనిచేసే మనుషులున్నారు. వాళ్ళ గంటలు, ఓవర్‌టైము లెక్కగట్టి జీతం స్లిప్పులు తయారుచేసేది ఒక పాత లినక్సు ప్రోగ్రాము. సోర్సు కోడు లేదు, రాసిన కంపెనీ మూతపడింది. సర్వరేమో ఫ్రీబీఎస్డీ. ఫ్రీబీఎస్డీకి లినక్సు ప్రోగ్రాముల్ని నడిపే శక్తి ఏళ్ళ తరబడి ఉంది కనుక ఎవరికీ ఇబ్బంది లేకుండా నడుస్తూ వచ్చింది.

ఒకరోజు సర్వరు అప్‌గ్రేడు చేశారు. పట్టికలు గీసే ఒక చిన్న లైబ్రరీ 3 నుంచి 4కి పోయింది. ప్రోగ్రాము 3 కావాలంది. ఎవరో 4కి 3 అని పేరు పెట్టి లింకు కట్టేశారు. రోజువారీ పనులన్నీ నడిచాయి. టికెట్ మూశారు, "గుడ్ జాబ్" అని మెయిలు కూడా పెట్టారు. మూడు వారాల తర్వాత, శుక్రవారం సాయంత్రం, ఓవర్‌టైము పట్టిక వెయ్యాల్సి వచ్చి ప్రోగ్రాము 4లో తీసేసిన ఒక ఫంక్షనుని పిలిచింది. "అన్‌డిఫైన్డ్ సింబల్" అని ఒక్క లైను రాసి చచ్చిపోయింది. ఆ పైన సోమవారం బ్యాంకులకి సెలవు.

మంగళవారం షిఫ్టు దిగి వచ్చిన ఒకావిడ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, అద్దె కట్టాలి, డబ్బులు ఎప్పుడు పడతాయి అని అడిగింది. కిటికీ ఇవతలున్న అమ్మాయి "సిస్టం ప్రాబ్లం" అంది. ఆవిడకి ఏం చెప్తాం? అమ్మా, నీ జీతానికీ నీకూ మధ్య ఒక అంకె ఉంది, దాన్ని ఎవరో దిద్దారు, అందుకని నీ అద్దె ఆలస్యమైంది అని చెప్తామా?

జరిగిందేమిటో కనిపెట్టడానికి నాకు పట్టింది అయిదు నిమిషాలు. ఆ డైరెక్టరీలో ఫైళ్ళ జాబితా పొడుగ్గా వేసి చూస్తే 3 పక్కన బాణం గుర్తు, బాణం చివర 4. అంతే. పాత 3 లైబ్రరీని అది అసలు వచ్చిన ప్యాకేజీ నుంచే తీసి, ఆ ప్రోగ్రాము డైరెక్టరీలో దానికొక్కదానికే అందేలా పెట్టాక నడిచింది. కానీ అప్పటికే మెయిళ్ళలో తీర్పు వచ్చేసింది, "లినక్సు ఎమ్యులేషన్ నమ్మదగినది కాదు" అని. ఆ మాట మీద కొత్త మెషీను కొన్నారు, అసలు లినక్సే పెట్టారు. బాబూ, అసలు లినక్సు మీదైనా 3 అని పేరు పెట్టిన 4 ఉంటే, ప్రోగ్రాము అదే రోజు అదే లైను రాసి అదే చావు చచ్చేది!

కనుక ఆ అనాథ తరఫున కాస్త వాదిస్తాను. ఫ్రీబీఎస్డీలో ఉన్నదాన్ని మాటవరసకి ఎమ్యులేషన్ అంటాం కానీ అక్కడ నకిలీ యంత్రం ఏమీ లేదు. ప్రోగ్రాము ఫైలు తలకట్టు చూసి ఇది లినక్సుది అని కెర్నెల్ గుర్తుపడుతుంది. ఆ పైన ఆ ప్రోగ్రాము అడిగే పనులకి లినక్సు పద్ధతిలో జవాబిస్తుంది. ప్రాసెసరు మీద సూచనలు నేరుగానే నడుస్తాయి. లైబ్రరీలు మాత్రం లినక్సువే కావాలి, అందుకని వాటికి /కంపాట్/లినక్స్ అని ఒక వేరు గది ఉంటుంది. లినక్సు ప్రోగ్రాము ఏ ఫైలు అడిగినా కెర్నెల్ ముందు ఆ గదిలో చూస్తుంది, అక్కడ లేకపోతే అసలు ఇంట్లో చూస్తుంది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్సు మీద నడిపే వైన్ కూడా ఈ తరహాదే. 1993లో మొదలైంది. తాను ఎమ్యులేటరు కాదని పేరులోనే చెప్పుకుంటుంది పాపం, అయినా వినేవాడు లేడు.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు ఉన్నప్పుడు "దొరకలేదు" అన్న మాటకి ఒక్క అర్థం ఉండదు. మాట్లాడింది ఎవరో తెలియాలి. ఇక్కడే మనవాళ్ళు గుడ్డిగా పోతారు. ఎర్రరులో చివరి మూడు పదాలు కాపీ చేసి వెతుకుతారు కానీ, మొదటి మూడు పదాలు చదవరు. ఎవరి గొంతో చెప్పేది ఆ మొదటి పదాలే.

"ఎల్ఫ్ బైనరీ టైప్ 3 నాట్ నోన్" అని వస్తే మాట్లాడింది కెర్నెల్. 3 అంటే లినక్సుకి గుర్తు. లినక్సు మాడ్యూలే లోడు కాలేదని అర్థం. లైబ్రరీలు ఎన్ని తెచ్చి పోసినా ప్రయోజనం లేదు. "ఎల్ఫ్ ఇంటర్‌ప్రెటర్ నాట్ ఫౌండ్" అన్నా కెర్నెలే. చీటీ పట్టుకుని తిరగాల్సిన లినక్సు లోడరే ఇంట్లో లేదంటోంది. 64 బిట్ సామాను పెట్టి 32 బిట్ ప్రోగ్రాము నడిపేవాళ్ళకి ఇది తరచూ వస్తుంది. అసలు లినక్సులో అయితే ఇదే తప్పుకి "అలాంటి ఫైలు లేదు" అని వస్తుంది. ప్రోగ్రాము ఫైలు కళ్ళెదురుగా ఉంటుంది, లేదంటుంది! నిజానికి లేనిది ప్రోగ్రాము కాదు, దాని లోడరు.

"ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అని మొదలైతే మాట్లాడింది లినక్సు లోడరు. అంటే కెర్నెల్ తన పని తాను చేసింది, ఎమ్యులేషన్ నడుస్తోంది, ఇక వెతకాల్సింది లినక్సు గదిలోనే. "షేర్డ్ ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్, రిక్వైర్డ్ బై" అని వస్తే మాట్లాడింది ఫ్రీబీఎస్డీ సొంత లోడరు. అసలు మీరు నడుపుతున్నది లినక్సు ప్రోగ్రామే కాదు, లేదా దాన్ని లేపే స్క్రిప్టులో ఇంకేదో సొంత ప్రోగ్రాము ఉంది. ఈ సందేశం చూసి లినక్సు గదిలో ఫైళ్ళు నింపేవాళ్ళని చూస్తే, చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం గుర్తొస్తుంది.

"ఎల్ఫ్ ఫైల్ ఓఎస్ ఏబీఐ ఇన్వాలిడ్" అనేది ఇంకొకటి. లినక్సు గదిలో లేని లైబ్రరీ కోసం కెర్నెల్ అసలు ఇంట్లో చూసింది, అదే పేరుతో ఫ్రీబీఎస్డీ లైబ్రరీ దొరికింది, లినక్సు లోడరు దాన్ని తెరిచి ఇది మనవాళ్ళది కాదని తిప్పి పంపింది. ఇంత కథని నాలుగు మాటల్లో చెప్పిందా లేదా? ఇంతకన్నా నిజాయితీగా ఏ మనిషి మాట్లాడతాడు?

నాటు వైద్యాల్లో రెండో రకం ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబులుని ప్రొఫైలులో శాశ్వతంగా రాసెయ్యడం. ఒక ప్రోగ్రాము కోసం పెట్టిన దారి ఆ యూజరు నడిపే ప్రతి ప్రోగ్రాముకీ వర్తిస్తుంది. రెండు కాపురాల ఇంట్లో అయితే ఫ్రీబీఎస్డీ లోడరు కూడా అదే వేరియబులు చదువుతుంది, తన సొంత ప్రోగ్రాములకి లైబ్రరీలు వెతుకుతూ లినక్సు గదిలోకి పోతుంది. నిన్నటిదాకా బాగున్న ప్రోగ్రాములు ఇవాళ పడిపోతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మూడో రకం అన్నిటికన్నా ప్రమాదం. లేని ఫైలుని నెట్‌లో ఎక్కడో పట్టుకొచ్చి పెట్టడం. విండోస్ వాళ్ళకీ, వైన్ వాడేవాళ్ళకీ ఇది డీఎల్ఎల్ రూపంలో బాగా అలవాటు. ఫైలు పేరు కొడితే ఇచ్చే సైట్లు బోలెడు. ఎవరు కట్టారో, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. లైబ్రరీ అంటే డేటా అనుకుంటున్నారేమో, కాదు. లైబ్రరీలోని కోడు మీ ప్రోగ్రాముకి ఉన్న అధికారాలన్నిటితో, కొన్నిసార్లు ప్రోగ్రాము మొదటి లైను కన్నా ముందే నడుస్తుంది.

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం గుర్తుందా? కుదింపు పని చేసే లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే లైబ్రరీ, 5.6.0, 5.6.1 వెర్షన్లు. అందులో ఎవరో దొంగ తలుపు పెట్టారు. లైబ్రరీ లోడయ్యే ఘడియలోనే అది పనిచేస్తుంది, కొన్ని లినక్సుల్లో రిమోట్ లాగిన్ సర్వరు దాకా పోతుంది. అది నెట్‌లో దారిన దొరికిన ఫైలు కూడా కాదు, అధికారికంగా విడుదలైనదే. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఎలా? లాగిన్ అవ్వడానికి సుమారు అర సెకను ఆలస్యం అవుతోందని గమనించాడు. ఎర్రరు కూడా కాదు, అర సెకను! "పనిచేస్తోందిగా" అని ఊరుకోకుండా ఎందుకు అని తవ్వుకుంటూ పోయాడు. అధికారిక లైబ్రరీల్లోనే ఇలాంటివి జరిగే రోజుల్లో, ఊరూ పేరూ లేని సైటు నుంచి ఫైలు తెచ్చి జీతాల సర్వరులో పెట్టేవాడి ధైర్యానికి నిజంగా దండం.

ఇక నాకు ఎప్పుడూ వినిపించే సమాధానాలు.

"టైము లేదండీ." ఎంత టైము? చెప్తాను. ముందు ఎర్రరు మొత్తం చదివి ఎవరి గొంతో తేల్చుకోవాలి. ప్రోగ్రాము 32 బిట్టా 64 బిట్టా, ఎవరి లోడరు అడుగుతోందో ఫైల్ అనే కమాండు ఒక్క లైనులో చెప్తుంది. రీడెల్ఫ్ తోనో, ఆబ్జ్‌డంప్ తోనో దాని చీటీ చదవాలి. నమ్మకం లేని ప్రోగ్రాము మీద ఎల్‌డీడీ వాడొద్దు, అది ఆ ప్రోగ్రాము లోపలి కోడుని నడిపే ప్రమాదం ఉందని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. చీటీలో ఉన్న లైబ్రరీ నిజంగా లేదా, లేక ఉండి కూడా జాబితాకెక్కలేదా చూడాలి. ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండు రెండు కాపురాలకీ వేరువేరుగా ఉంటుంది. లినక్సు గదిలో కొత్త సామాను పెట్టి ఫ్రీబీఎస్డీ ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే పక్కింటి రేషను కార్డులో మన పేరు ఎక్కించుకున్నట్టే. నిజంగానే లేకపోతే, అదే అంకె ఉన్న లైబ్రరీని నమ్మదగిన ప్యాకేజీ నుంచి తెచ్చి పెట్టాలి. చివరిగా ఎల్‌డీ బైండ్ నౌ అనే వేరియబులు పెట్టి ఒకసారి నడపాలి. అది పెడితే లోడరు తన బద్ధకం వదిలేసి ఫంక్షన్లన్నిటినీ అప్పుడే వెతుకుతుంది, నెలాఖరుకి రావలసిన చావు ఇప్పుడే వస్తుంది. ఇదంతా పదిహేను నిమిషాల పని. ఆ గోడౌను కంపెనీలో ఈ ఆఖరి మెట్టు ఒక్కటి చేసుంటే ఆ శుక్రవారం మామూలు శుక్రవారంలా గడిచిపోయేది.

"కొన్నిసార్లు లింకుతో నిజంగానే నడుస్తుందిగా." నడుస్తుంది, నేను కాదనను. ఎన్‌కర్సెస్ 2015లో 5 నుంచి 6కి మారినప్పుడు చాలామంది లింకులతో నెట్టుకొచ్చారు, ఎక్కువమందికి ఏమీ కాలేదు. హెల్మెట్ లేకుండా ఇంటికి క్షేమంగా చేరినవాళ్ళు కూడా ఎక్కువమందే. ఏం మారిందో చదివి, మన ప్రోగ్రాముకి అది తగలదని తేల్చుకుని, ఆ సంగతి రాసిపెట్టి లింకు కడితే నాకు అభ్యంతరం లేదు. అలా చదివి కట్టినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

"లైబ్రరీ వాళ్ళే మాట తప్పుతుంటే మమ్మల్ని అంటారేం?" ఇది గట్టి వాదన, దీనికి గట్టి ఉదాహరణే ఉంది. లినక్సు ప్రధాన లైబ్రరీ గ్లిబ్‌సీ, 1997 నుంచీ 6 అంకె మార్చలేదు, అంటే పాతికేళ్ళు దాటి మాట నిలబెట్టుకుంటోంది. అలాంటిది 2010లో మెమ్‌సీపీవై అనే ఫంక్షనుని వేగం కోసం తిరగరాశారు. ఫెడోరా 14లో 64 బిట్ ఫ్లాష్ ప్లగిన్‌లో పాటలు గరగరలాడాయి. ఆ ఫంక్షనుని వాడకూడని పద్ధతిలో వాడింది ఫ్లాషే. అయినా, నియమం ఏదైతేనేం, నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రాము ఇవాళ పాడైతే వాడేవాడికి అన్యాయమే కదా అని లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా వాదనకి దిగాడు. చివరికి 2011లో గ్లిబ్‌సీ 2.14 ఆ ఫంక్షనుకి కొత్త గుర్తు వేసింది. పాత ప్రోగ్రాములకి పాత ప్రవర్తన, కొత్తవాటికి కొత్తది. చూశారా, ఒక్క ఫంక్షను ప్రవర్తన మారితేనే ఇంత రభస జరిగి, ఇంత జాగ్రత్తగా సర్దారు. మనవాడు ఒక్క కమాండుతో లైబ్రరీ మొత్తాన్ని మార్చేసి, టీ తాగడానికి పోతున్నాడు.

"కంటెయినర్లు వచ్చాక ఇవన్నీ పాత గొడవలు." కంటెయినరు మంచిదే. వంటవాడు తన సామాను తానే లారీలో తెచ్చుకున్నట్టు. కానీ ఆ సామానుకి తుప్పు పడితే చూసేదెవరు? సెంటాస్ 7కి 2024 జూన్ 30తో మద్దతు ఆగిపోయింది. ఆ రోజు తర్వాత ఆ లైబ్రరీల్లో ఏ కన్నం బయటపడినా ఆ ప్రాజెక్టు నుంచి అతుకు రాదు. అలాంటి సామానుతో కట్టిన పెట్టె ఎర్రరు ఇవ్వదు, హాయిగా నడుస్తుంది. ఎర్రరు రాకపోవడాన్నే ఆరోగ్యం అనుకునే అలవాటుకి అక్కడ కూడా శిక్ష పడుతుంది.

తప్పంతా ఆ లింకు పెట్టిన కుర్రాడిదే అని నేను అనను. తిలాపాపం తలా పిడికెడు. అర్ధరాత్రి కాల్‌లో "సిస్టం లేచిందా లేదా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, "ఎందుకు పడింది?" అని అడగని మేనేజరుది ఒక పిడికెడు. ప్రోగ్రాము లక్షలకి అమ్మి, దానికి ఏ లైబ్రరీలు ఏ అంకెలతో కావాలో ఒక్క కాగితం ఇవ్వని కంపెనీది రెండు. డైనమిక్ లింకింగ్ అంటే నాలుగు మార్కుల లఘు ప్రశ్న అని నేర్పిన మన కాలేజీలది ఇంకొకటి. హైదరాబాదులో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఆ నాలుగు మార్కుల జ్ఞానంతో, ఇక్కడి పగటికి అక్కడి రాత్రంతా మేలుకుని, ఎప్పుడూ చూడని సర్వరులో ఎర్రరుని ఇరవై నిమిషాల్లో మాయం చెయ్యాలి. మాయం చెయ్యమంటే వాడు మాయే చేస్తాడు. ఆ తర్వాత ఇక్కడివాళ్ళు "ఆఫ్‌షోర్ వాళ్ళింతే" అంటారు, అక్కడివాళ్ళు "ఎమ్యులేషనింతే" అంటారు. నెలాఖరున కిటికీ దగ్గర నిలబడేది మాత్రం ఈ రెండు జట్లలోనూ లేని మనిషి.

నేను కోరేది చాలా చిన్నది. టీం లీడులకి ఒకటి: లైబ్రరీ ఎర్రరు టికెట్ మూసేముందు రెండు వాక్యాలు రాయించండి, ఎవరు ఏమడిగారు, అది ఎందుకు లేదు అని. ఈ రెండూ రాయలేకపోతే ఆ టికెట్ మూయడానికి వీల్లేదు. అర్ధరాత్రి తప్పనిసరై లింకు పెట్టాల్సొస్తే పెట్టండి, కానీ పక్కనే ఒక ఫైలులో పేరు, తేదీ, కారణం రాసి, టికెట్ తెరిచే ఉంచండి. ఆ అర్ధరాత్రి కుర్రాళ్ళకి ఒకటి: మీ మీద అరిచే మేనేజరు కన్నా, మీ తెర మీద ఉన్న ఆ ఒక్క లైను ఎర్రరు మీకు ఎక్కువ మేలు కోరుతోంది. ఏ ఫైలు, ఏ అంకె అన్నీ అడక్కుండానే చెప్తోంది. దాని నోరు నొక్కకండి. మీ మొదటి ఉద్యోగంలో మీకు అబద్ధం చెప్పని సీనియరు బహుశా అదొక్కటే.